అడ్డం తిరిగే సభా కావాలి, లెక్క అడిగే రైతూ కావాలి

ఎన్నికలు దగ్గర పడ్డప్పుడల్లా మనకు ఒక మాట వినిపిస్తుంది. ఢిల్లీలోనూ రాష్ట్రంలోనూ ఒకే కూటమి ఉంటే ‘డబుల్ ఇంజిన్’ బండిలా అభివృద్ధి పరుగెత్తుతుందని నాయకులు చెబుతారు. దీనికి ఎదురు మాట మన మండల సమావేశాల్లో ఈ మధ్య గట్టిగానే వినిపిస్తోంది. అంతా ఒకరి చేతికే ఇస్తే అడిగేవాడుండడు, అప్పులకు హద్దుండదు, భూమికి భరోసా ఉండదు. కాబట్టి అసెంబ్లీకి ఒకరిని, పార్లమెంటుకు ఇంకొకరిని గెలిపిస్తే ఒకరి ముక్కుతాడు ఇంకొకరు పట్టుకుంటారు అని కొందరు కార్యకర్తలు వాదిస్తున్నారు. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. అలాగని గుడ్డిగా నమ్మనూ లేం. గత పదేళ్లలో రైతాంగం మీదికి వచ్చిన చట్టాలను, మన పేరు మీద ప్రభుత్వాలు చేసిన అప్పులను పక్కపక్కన పెట్టి చూస్తే నిజమేమిటో కొంత తెలుస్తుంది.

ముందుగా రెండు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఒకటి, ప్రభుత్వ అధికారానికి పగ్గం వేయడం. రెండు, ప్రభుత్వ ఖర్చుకు పగ్గం వేయడం. ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడుకుంటున్నాం గానీ రెండూ ఒకటి కావు. చీలిన అధికారం మొదటి పనిని కొంతవరకు చేసింది. రెండో పనిని దాదాపుగా చేయలేదు. ఎందుకు చేయలేదో తెలుసుకుంటేనే మన కర్తవ్యం ఏమిటో తేలుతుంది.

మొదట భూమి సంగతి చూద్దాం. 1894 నాటి బ్రిటిష్ చట్టం పోయి 2013లో కొత్త భూసేకరణ చట్టం వచ్చింది. అది 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ప్రైవేటు ప్రాజెక్టుకైతే 80 శాతం, ప్రభుత్వ ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టుకైతే 70 శాతం మంది భూ యజమానుల సమ్మతి ఉండాలని, సామాజిక ప్రభావ అంచనా జరగాలని, పల్లెల్లో మార్కెట్ విలువకు నాలుగు రెట్ల వరకు పరిహారం ఇవ్వాలని ఆ చట్టం చెప్పింది. ఏడాది తిరగకుండానే, 2014 డిసెంబరు 31న, కేంద్రం ఆర్డినెన్సు తెచ్చింది. రక్షణ, గ్రామీణ మౌలిక వసతులు, పారిశ్రామిక కారిడార్లు వంటి అయిదు రకాల పనులకు రైతు సమ్మతి అక్కర్లేదంది. సామాజిక అంచనా నుంచీ వాటికి మినహాయింపు ఇచ్చుకునే వీలు కల్పించింది.

అప్పుడు లోక్‌సభలో బీజేపీకి ఒంటరిగానే 282 స్థానాలున్నాయి. 2015 మార్చి 10న బిల్లు అక్కడ సులువుగా నెగ్గింది. రాజ్యసభలో మాత్రం ప్రభుత్వానికి బలం చాలలేదు. అక్కడ బిల్లు ముందుకు కదల్లేదు. ఏప్రిల్‌లో ఒకసారి, మే నెలాఖరులో మరోసారి ఆర్డినెన్సును మళ్లీ జారీ చేశారు. బిల్లు సంయుక్త కమిటీకి వెళ్లింది. ఈ ఎనిమిది నెలలూ దేశమంతా రైతు సంఘాలు ఊరూరా తిరిగాయి, ధర్నాలు చేశాయి, కమిటీకి అభ్యంతరాలు పంపాయి. చివరికి 2015 ఆగస్టు 31న ఆర్డినెన్సు మురిగిపోయింది. 2013 చట్టం నిలబడింది.

ఇక 2020కి రండి. ప్రభుత్వం అదే, ప్రధాని ఆయనే. జూన్ 5న మూడు వ్యవసాయ ఆర్డినెన్సులు వచ్చాయి. ఈసారి లోక్‌సభలో బీజేపీ బలం 303. రాజ్యసభలోనూ మిత్రులను, బయటి నుంచి తోడు వచ్చేవారిని కూడగట్టుకునే స్థితికి ప్రభుత్వం చేరుకుంది. సెప్టెంబరు 20న రెండు బిల్లులు రాజ్యసభలో మూజువాణి ఓటుతో నెగ్గాయి. ఓట్లు లెక్కపెట్టమని, సెలెక్ట్ కమిటీకి పంపమని ప్రతిపక్షాలు అడిగినా డిప్యూటీ ఛైర్మన్ ఓటింగ్ జరపలేదు. మరునాడు ఎనిమిది మంది సభ్యులను సస్పెండ్ చేశారు. ఆంధ్రలో అప్పటి పాలక పక్షం వైఎస్సార్‌సీపీ బిల్లులకు మద్దతు పలికింది. తెలంగాణ పాలక పక్షం టీఆర్‌ఎస్ వ్యతిరేకించింది. సెప్టెంబరు 27కల్లా రాష్ట్రపతి సంతకం అయిపోయింది.

ఆ తర్వాత జరిగింది మనందరికీ తెలుసు. ఢిల్లీ సరిహద్దుల్లో సింఘు, టిక్రీ, ఘాజీపూర్ దగ్గర రైతులు ఏడాదికి పైగా ట్రాక్టర్ల కిందే కాపురం చేశారు. చలికి, ఎండకు, రోగాలకు 700 మందికి పైగా చనిపోయారని సంయుక్త కిసాన్ మోర్చా లెక్క చెప్పింది. 2021 నవంబరు 19న చట్టాలు వెనక్కి తీసుకుంటామని ప్రధాని ప్రకటించారు. 29న రద్దు బిల్లును రెండు సభలూ చర్చ లేకుండానే ఆమోదించాయి. తెచ్చినప్పుడు ఓట్లు లెక్కపెట్టలేదు, తీసేసేటప్పుడు మాట్లాడనివ్వలేదు.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. 2015లో సభలో అడ్డు ఉంది కాబట్టి మనకు సమయం దొరికింది. ఆ సమయంలో పోరాడి గెలిచాం. 2020లో సభలో అడ్డు లేదు. ఆ అడ్డు పని రైతు తన ఒంటితో చేయాల్సి వచ్చింది. రెండుసార్లూ గెలిచాం గానీ రెండో గెలుపుకు కట్టిన ధర ప్రాణాలు. చీలిన అధికారం వల్ల రైతుకు అసలు లాభం ఇదే. అది మనల్ని గెలిపించదు. మన మీదికి వచ్చే దెబ్బను కాస్త ఆలస్యం చేస్తుంది. ఆ ఆలస్యాన్ని వాడుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

అయితే 2015 గెలుపు కథ అక్కడితో ముగియలేదు. ముందు వాకిలి మూస్తే పెరటి గుమ్మం తెరిచారు. భూసేకరణ ఉమ్మడి జాబితాలోని అంశం. రాష్ట్రం తన సవరణ తాను చేసుకుని రాష్ట్రపతి ఆమోదం తెచ్చుకుంటే ఆ రాష్ట్రంలో అదే చెల్లుతుంది. 2016లో గుజరాత్, 2017లో తెలంగాణ, 2018లో ఆంధ్రప్రదేశ్ ఆ దారిలోనే సవరణలు తెచ్చుకున్నాయి. సామాజిక ప్రభావ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చుకునే అధికారం చేతిలో పెట్టుకున్నాయి. తెలంగాణలో దానికన్నా ముందే, 2015 జూలైలో, జీవో 123 వచ్చింది. ఒప్పందం పేరుతో భూములు నేరుగా కొనేస్తామంది. కౌలుదారు, కూలీ, చేతివృత్తులవాడు ఆ జీవోకు కనపడలేదు. వ్యవసాయ కూలీలే కోర్టుకెళ్లారు. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేశారు. అప్పుడు ప్రభుత్వం ఏకంగా చట్టాన్నే సవరించుకుంది.

గమనించండి. ఢిల్లీలో ఒక పార్టీ, హైదరాబాద్‌లో వేరొక పార్టీ. అధికారం చీలే ఉంది. కానీ రైతు భూమి విషయంలో ఇద్దరి మనసూ ఒక్కటే అయింది. జెండాలు వేరైనంత మాత్రాన అడ్డు ఏర్పడదు. ఉద్దేశాలు వేరైతేనే ఏర్పడుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ పంపుసెట్ల మీటర్లు. 2020లో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే కొంత భాగానికి విద్యుత్ సంస్కరణలను కేంద్రం షరతుగా పెట్టింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పుకుని శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగాత్మకంగా మోటార్లకు మీటర్లు మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం అప్పు రాకపోయినా సరే, మీటర్లు పెట్టేది లేదంది. అప్పట్లో ఈ రెండు ప్రభుత్వాలూ కేంద్రంలోని కూటమికి బయటివే. ఒకటి తల ఊపింది, ఇంకొకటి అడ్డం తిరిగింది. అంటే మనం చూడాల్సింది ఎవరు ఏ కూటమిలో ఉన్నారన్నది కాదు. మన విషయంలో ఎవరు ఎక్కడ నిలబడ్డారన్నది.

మన శాసనమండలి కథ కూడా ఈ సందర్భంలో గుర్తుచేసుకోవాలి. 2019లో వైఎస్సార్‌సీపీ 175కు 151 స్థానాలు గెలిచింది. మండలిలో మాత్రం అప్పటికి తెలుగుదేశానిదే పైచేయి. 2020 జనవరి 22న మూడు రాజధానుల బిల్లునూ, సీఆర్‌డీఏ రద్దు బిల్లునూ సెలెక్ట్ కమిటీకి పంపుతున్నట్టు మండలి ఛైర్మన్ ప్రకటించారు. అయిదు రోజులు తిరగకుండానే, జనవరి 27న, అసలు మండలినే రద్దు చేయాలని అసెంబ్లీ తీర్మానించింది. అప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, మండలి మీద ఏటా 60 కోట్ల రూపాయలు వృథాగా ఖర్చవుతున్నాయని. రాజధాని ఎక్కడుండాలన్న దాని మీద మన సంఘంలోనే రకరకాల అభిప్రాయాలున్నాయి. అది ఇక్కడ చర్చ కాదు. అడ్డు తగిలిన సభను తీసేయడానికి పొదుపు మాట వాడుకున్నారన్నదే విషయం. మండలిలో తమ బలం పెరిగాక, 2021 నవంబరులో, అదే అసెంబ్లీ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. ఆ 60 కోట్ల ప్రస్తావన మళ్లీ రాలేదు.

మండలి వేసిన అడ్డు కూడా ఎక్కువ కాలం నిలవలేదు. సెలెక్ట్ కమిటీయే ఏర్పడలేదు. జూన్‌లో అసెంబ్లీ ఆ బిల్లులను మళ్లీ ఆమోదించింది. జూలై 31న గవర్నర్ సంతకం పెట్టారు. రాజ్యాంగం ప్రకారం మండలి ఒక బిల్లును మొదట మూడు నెలలు, రెండోసారి ఒక నెల ఆపగలదు, అంతే. కానీ ఆ కాస్త వ్యవధిలోనే రాజధానికి దాదాపు 34 వేల ఎకరాలిచ్చిన రైతులు తమ వాదన సిద్ధం చేసుకున్నారు, కోర్టు మెట్లెక్కారు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. ఇక్కడా అదే పాఠం. సభ సమయం ఇచ్చింది, పోరాటం రైతులు చేశారు.

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. ఖర్చుకు, అప్పుకు చీలిన అధికారం పగ్గం వేయగలదా?

మన రాజ్యాంగంలో డబ్బు సంగతి వేరు. ద్రవ్య బిల్లును రాజ్యసభ గానీ మండలి గానీ 14 రోజులకు మించి ఆపలేవు. వద్దన్నా అది ఆమోదం పొందినట్టే. అంటే చట్టం విషయంలో రెండో సభ కంచె లాంటిదైతే, డబ్బు విషయంలో గట్టు మీద నాటిన దిష్టిబొమ్మ లాంటిది. పైగా ఇష్టం లేని అడ్డు తప్పించుకోవడానికి మామూలు బిల్లునే ద్రవ్య బిల్లుగా తెచ్చే పద్ధతీ వచ్చింది. 2016లో ఆధార్ బిల్లును అలాగే తెచ్చారు. 2017లో ఎన్నికల బాండ్లకు కావలసిన సవరణలను ఫైనాన్స్ బిల్లులో కలిపేశారు. ఆ బాండ్లు రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తేల్చే నాటికి ఏడేళ్లు గడిచిపోయాయి.

దిగువ సభలోనైనా ఖర్చు మీద చర్చ జరుగుతోందా అంటే అదీ లేదు. 2023 మార్చిలో సుమారు 45 లక్షల కోట్ల రూపాయల కేంద్ర పద్దులను లోక్‌సభ గందరగోళం మధ్య చర్చ లేకుండా, నిమిషాల్లో ఆమోదించింది. 2018లోనూ అంతే జరిగింది. మన ఇంట్లో బోరు వేయడానికి లక్ష రూపాయలు అప్పు చేయాలంటే ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు మాట్లాడుకుంటాం. దేశం మొత్తం బడ్జెట్‌కు ఆ పాటి మాట కూడా కరువైంది.

ఇక ఖర్చులా కనపడని ఖర్చు ఒకటుంది. 2019 సెప్టెంబరు 20న కంపెనీల మీద పన్నును 30 శాతం నుంచి 22 శాతానికి ఒక ఆర్డినెన్సుతో తగ్గించారు. దానివల్ల ఏడాదికి 1.45 లక్షల కోట్ల రూపాయల ఆదాయం పోతుందని ప్రభుత్వమే చెప్పింది. ఆ రోజు ఏ సభనూ అడగలేదు. అదే మన వడ్ల మీద రాష్ట్రాలు బోనస్ ఇస్తామంటే, అలా ఇచ్చే రాష్ట్రాల నుంచి కొనుగోళ్లు తగ్గించుకుంటామని 2014లో కేంద్రం లేఖ రాసింది. కాబట్టి ‘ఖర్చు తగ్గాలి’ అని ఎవరైనా అన్నప్పుడు వెంటనే చప్పట్లు కొట్టకండి. ఎవరి మీద పెట్టే ఖర్చు, ఎవరికి వదిలేసే పన్ను అని అడగండి.

రాష్ట్రాల్లో అప్పులు ఇంకో దారి తొక్కాయి. బడ్జెట్‌లో చూపిస్తే హద్దు దాటుతుంది కాబట్టి కార్పొరేషన్ పెట్టి దాని పేరున అప్పు తెస్తారు. హామీ ప్రభుత్వానిది, తీర్చేది ప్రజలు, సభ ముందుకు మాత్రం పూర్తిగా రాదు. కాళేశ్వరం దీనికి పెద్ద ఉదాహరణ. ఆ ప్రాజెక్టు కోసం పెట్టిన కార్పొరేషన్ ద్వారా 87 వేల కోట్ల రూపాయలకు పైగా రుణ ఒప్పందాలు జరిగాయని కాగ్ నివేదిక చెప్పింది. మొత్తం ఖర్చు 1.47 లక్షల కోట్లు దాటవచ్చని, రూపాయి పెడితే వచ్చే ప్రయోజనం 52 పైసలేనని లెక్క కట్టింది. ప్రాజెక్టు నివేదికలో అది రూపాయికి రూపాయిన్నర అని చూపారు. ఈ కాగ్ నివేదిక అసెంబ్లీ ముందుకు వచ్చింది 2024 ఫిబ్రవరిలో. అప్పటికే ప్రభుత్వం మారిపోయింది, మేడిగడ్డ పిల్లర్లూ కుంగిపోయాయి. నీళ్లు కావాలని అడిగింది మనమే, అందులో తప్పు లేదు. ఎంత ధరకు, ఏ అప్పుతో అని సమయానికి అడిగే నోళ్లు సభలో లేకుండా పోయాయి. 2018లో గెలిచిన 19 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేల్లో 12 మంది 2019 జూన్‌లో పాలక పక్షంలో కలిసిపోయారు.

చీలిన అధికారం ఉంటే ఖర్చు తగ్గుతుందన్న వాదన అమెరికాలో ఎక్కువగా వినిపిస్తుంది. అక్కడ అధ్యక్షుడిది ఒక పార్టీ, చట్టసభ ఇంకో పార్టీ చేతిలో ఉండటం మామూలే. క్లింటన్ కాలంలో ప్రతినిధుల సభ, సెనేట్ రెండూ రిపబ్లికన్ల చేతిలో ఉండగా 1998 నుంచి బడ్జెట్ మిగులులోకి వచ్చిన మాట నిజం. కానీ అంతకుముందు రీగన్ ఎనిమిదేళ్ల పాలనలోనూ ప్రతినిధుల సభ ప్రతిపక్ష డెమోక్రాట్లదే. ఆ కాలంలో దేశం అప్పు దాదాపు మూడింతలైంది. రిపబ్లికన్లకు రక్షణ ఖర్చు కావాలి, డెమోక్రాట్లకు సంక్షేమం కావాలి. ఇద్దరూ తమకు కావలసింది తీసుకుని బిల్లు రేపటి తరం మీద వేశారు. రాజీ కుదరకపోతే ఇంకో చిక్కు. 2018 డిసెంబరులో మొదలై 35 రోజుల పాటు వారి ప్రభుత్వ కార్యాలయాలు పాక్షికంగా మూతపడ్డాయి. రైతులకు రుణాలిచ్చే వ్యవసాయ శాఖ ఆఫీసులూ అందులో ఉన్నాయి.

మన సంకీర్ణాల అనుభవమూ దాదాపు అంతే. 2004 తర్వాత కేంద్రంలో ఏ పార్టీకీ సొంత బలం లేదు. వామపక్షాలు బయటి నుంచి నిలబెట్టాయి. అప్పుడు ఖర్చు తగ్గలేదు, కొత్త దిక్కుకు మళ్లింది. 2005లో ఉపాధి హామీ చట్టం, 2008లో రైతు రుణమాఫీ వచ్చాయి. అవి మనకు దక్కినవి, వాటిని వృథా ఖర్చు అనే వారితో మనం ఏకీభవించం. 2024లో బీజేపీ 240 దగ్గర ఆగి, 16 మంది ఎంపీలున్న తెలుగుదేశం అవసరమైంది. ఆ జూలై బడ్జెట్‌లోనే అమరావతికి 15 వేల కోట్లు ప్రకటించారు. అదీ ప్రపంచ బ్యాంకు వంటి సంస్థల నుంచి ఇప్పించే అప్పు రూపంలో. మిత్రపక్షం బలం ఖర్చును ఆపడానికి కాదు, తన వాటా తెచ్చుకోవడానికి పనికొచ్చిందని దీన్ని బట్టి తెలుస్తుంది. అదే కూటమి ప్రభుత్వంలో 2025 డిసెంబరులో ఉపాధి హామీ చట్టం స్థానంలో కొత్త చట్టం తెచ్చి, చాలా రాష్ట్రాల నెత్తిన 40 శాతం భారం వేసినప్పుడు మిత్రపక్షాలు దాన్ని ఆపలేదు.

అధికారం చీలడం వల్ల రైతు నేరుగా నష్టపోయిన సందర్భం కూడా ఉంది. దాన్ని దాచి మాట్లాడటం సంఘానికి న్యాయం కాదు. 2021, 2022ల్లో తెలంగాణ యాసంగి వడ్ల పేచీ గుర్తుందిగా. ఎండలకు ఆ పంట బియ్యం విరిగి నూకలవుతాయి, అందుకే ఉప్పుడు బియ్యం ఆడతారు. ఉప్పుడు బియ్యం తీసుకోమని కేంద్రం, మేం కొనలేమని రాష్ట్రం. వరి వేయొద్దని రాష్ట్ర ప్రభుత్వమే రైతులకు చెప్పింది. ఇటు ముఖ్యమంత్రి ధర్నా, అటు కేంద్ర మంత్రుల ఎదురు ప్రకటనలు. 2022 ఏప్రిల్ 12న రాష్ట్ర ప్రభుత్వం కొంటామని ప్రకటించే నాటికి చాలా చోట్ల కోతలు మొదలయ్యాయి. 1,960 రూపాయల మద్దతు ధర కాగితం మీదే ఉండగా, అంతకన్నా తక్కువకు మిల్లరుకు తూచి ఇచ్చినవాళ్లు మనలోనే ఉన్నారు. ఎద్దూ ఎద్దూ కుమ్ముకుంటే లేగల కాళ్లు విరిగాయన్న సామెత ఆ యాసంగికి సరిగ్గా సరిపోయింది.

కాబట్టి ఎక్కడ చీలిక మంచిది, ఎక్కడ చెడ్డదన్న తేడా తెలియాలి. దుక్కి దున్నేటప్పుడు జోడెద్దులు ఒకే దిక్కుకు లాగాలి. పొలం అమ్మే కాగితం మీద మాత్రం ఇంట్లో ఒక్కరి సంతకం చాలదు. ధాన్యం కొనుగోలు, ఎరువుల సరఫరా, పంట నష్టపరిహారం వంటివి దుక్కి పనులు. అక్కడ కేంద్రం, రాష్ట్రం పంతాలకు పోతే మునిగేది మనం. భూమి చట్టాలు, మార్కెట్ చట్టాలు, వేల కోట్ల అప్పులు పొలం అమ్మే కాగితం లాంటివి. అక్కడ ఎంతమంది సంతకం కావాలంటే అంత మంచిది.

ఖర్చు మీద ఆ రెండో సంతకం ఎవరిది? సభలో దానికంటూ ఒక చోటు ఉంది. అది ప్రజాపద్దుల కమిటీ, మనం పీఏసీ అంటాం. ప్రభుత్వం పెట్టిన ఖర్చును కాగ్ నివేదికల ఆధారంగా అది ప్రశ్నిస్తుంది. దాని ఛైర్మన్ పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. దొంగకు తాళం చెవి ఇవ్వకూడదన్న మామూలు ఇంగితం అది. మన రెండు రాష్ట్రాల్లో ఈ ఆనవాయితీ ఏమైంది? 2019లో తెలంగాణలో ఆ పదవి పాలక పక్షానికి స్నేహంగా ఉన్న మజ్లిస్‌కు వెళ్లింది. 2024లో అక్కడే, కొత్త ప్రభుత్వం వచ్చాక, ప్రతిపక్షం టికెట్‌పై గెలిచి పాలక పక్షం వైపు జరిగిన ఎమ్మెల్యేకు వెళ్లింది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్‌లో, 11 మందే ఉన్న ప్రతిపక్షానికి సంఖ్య చాలదంటూ, పాలక కూటమిలోని జనసేన ఎమ్మెల్యేకే దక్కింది. మూడు ప్రభుత్వాలు, మూడు పార్టీలు, ఒకే తీరు. కంచే చేను మేస్తే అన్నది పాత మాట. ఇప్పుడు మేసేవారే కంచె వేస్తున్నారు.

ఆ పదవి ప్రతిపక్షం చేతిలో ఉంటే ఏం ఒరుగుతుందని అడగొచ్చు. 2021 జూలైలో ఆంధ్రప్రదేశ్ పీఏసీ ఛైర్మన్‌గా ఉన్న పయ్యావుల కేశవ్ 41 వేల కోట్ల రూపాయల లావాదేవీలకు సరైన లెక్కలు లేవని గవర్నర్‌కు ఫిర్యాదు చేశారు. ప్రభుత్వం ఆ ఆరోపణను తోసిపుచ్చింది. నిజానిజాలు ఏవైనా, ప్రభుత్వం బయటికొచ్చి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. అంతమాత్రమైనా మనకు అవసరమే. ఆనాడు అడిగిన ఆయనే ఇప్పుడు ఆర్థిక మంత్రి. తన లెక్కలను ప్రతిపక్షం చేత చూపించుకోవడానికి ఆయన ప్రభుత్వమే వెనకాడటం రైతులు గమనించాల్సిన విషయం.

ఓటు ఎవరికి వేయాలో మన సంఘం చెప్పదు. ఓటు అటొకటి ఇటొకటి చీల్చి వేయమని కూడా చెప్పదు. లక్షల మంది కూడబలుక్కుని అలా వేయడం జరిగే పని కాదు. వేసినా, గెలిచినవాడు రేపు కండువా మార్చుకోడన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. మనం చేయగలిగినవి వేరే ఉన్నాయి.

ఓటు అడగడానికి వచ్చే ప్రతి అభ్యర్థి ముందూ, ఏ పార్టీ వాడైనా సరే, నాలుగు ప్రశ్నలు పెట్టాలి. భూమికి, మార్కెట్‌కు, కరెంటుకు సంబంధించిన ఏ బిల్లునైనా ముందుగా తెలుగులో బయటపెట్టి, కమిటీకి పంపి, రైతు సంఘాల మాట విన్నాకే సభలో ఓటింగ్ జరపాలంటారా? పీఏసీని ప్రతిపక్షానికి ఇవ్వాలంటారా? కార్పొరేషన్ల పేరున తెచ్చే అప్పులన్నిటినీ బడ్జెట్‌తో పాటే సభ ముందు పెట్టాలంటారా? గెలిచాక పార్టీ మారితే రాజీనామా చేసి మళ్లీ ప్రజల ముందుకొస్తారా? జవాబులను పదిమంది ముందు చెప్పించి, మండల కమిటీ పుస్తకంలో రాసి పెట్టాలి. మాట తప్పిన రోజున ఆ పుస్తకమే మన ఆధారం.

రెండోది గ్రామసభ. పై సభల్లో లెక్క అడగడం లేదని బాధపడే మనం, మన ఊరి సభకు ఎంతమందిమి వెళ్తున్నాం? ఉపాధి పనుల సామాజిక తనిఖీలో ఉమ్మడి రాష్ట్రం దేశానికే దారి చూపించింది. మస్టర్ రోల్ చదివి వినిపించి, ఫలానా వాడు పనికి వచ్చాడా అని ఊరి మధ్యలో అడిగితే దొంగ లెక్కలు బయటపడ్డాయి. ఆ పద్ధతినే పంచాయతీ నిధులకు, ధాన్యం కొనుగోలు కేంద్రం తూకాలకు, మన సొసైటీ అప్పుల ఖాతాలకు విస్తరించాలి. 2005 సమాచార హక్కు చట్టం మన చేతిలోనే ఉంది. పది రూపాయల దరఖాస్తుతో మొదలుపెట్టవచ్చు. ప్రతి మండల కమిటీ ఈ ఏడాది ఒక్క పనినైనా, అది చెరువు పూడికతీత కావచ్చు, కాలువ లైనింగ్ కావచ్చు, ఎస్టిమేట్ నుంచి బిల్లు దాకా కాగితాలు తెప్పించుకుని గ్రామసభలో చదివించాలి.

మూడోది మన సంఘం లోపలి సంగతి. మన సభ్యుల్లో అన్ని పార్టీల వాళ్లూ ఉన్నారు, ఉండాలి కూడా. కానీ తమ పార్టీ గద్దెనెక్కగానే నోరు మూసుకుని, దిగిపోగానే నోరు తెరిచే అలవాటు మనలోనూ కొందరికి ఉంది. 2020లో వ్యవసాయ చట్టాలను తప్పన్నవారు తమ రాష్ట్ర ప్రభుత్వ భూసేకరణ సవరణ గురించి మాట్లాడకపోతే, మీటర్లు వద్దన్నవారు తమవాళ్లు పెడుతుంటే పక్కకు చూస్తే, మన మాటకు విలువుండదు. ప్రభుత్వాలు మారినా మారని ప్రశ్న ఒక్కటైనా ఊళ్లో ఉండాలి. ఆ ప్రశ్న సంఘానిది కావాలి.

వచ్చే నెల జిల్లా కమిటీ సమావేశాల్లో ఈ నాలుగు ప్రశ్నల మీద చర్చించి, మీ ప్రాంతానికి తగిన అయిదోది జోడించి పంపండి. కాలువ కింది రైతు ప్రశ్న, బోరు కింది రైతు ప్రశ్న ఒకటి కాకపోవచ్చు. అందిన ప్రశ్నలన్నీ ఈ పత్రికలో అచ్చు వేస్తాం. జవాబులొస్తే జవాబులు వేస్తాం. రాకపోతే ఎవరిని అడిగితే జవాబు రాలేదో ఆ పేర్లు వేస్తాం.